ఏ లెక్కకు ఏ గ్రాఫ్? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతాను. పదో తరగతి పిల్లలు, డిగ్రీ ప్రాజెక్టు రాసేవాళ్లు, ఊళ్లో ఇంటింటికీ తిరిగి సర్వే చేసిన యువకులు, అంగన్‌వాడీ టీచర్లు ఇన్నేళ్లుగా నన్ను అడుగుతున్నవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఉదాహరణలన్నీ నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) వైపువే తీసుకున్నాను. మనకు తెలిసిన చెరువు, మనం తాగే బోరు అయితే లెక్క తొందరగా మనసుకెక్కుతుంది. అసలు లెక్కలు వాడిన చోట సంవత్సరమో కొలతో చెప్పాను. అభ్యాసం కోసం నేను వేసుకున్న అంకెలైతే "అనుకుందాం" అని రాశాను, వాటిని నిజం లెక్కలుగా ఎక్కడా వాడొద్దు.

నా దగ్గర అంకెలు ఉన్నాయి. ఏ గ్రాఫ్ వేయాలో ఎలా తేల్చుకోవాలి?

కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. ఈ అంకెలు చూపించి ఎదుటి మనిషికి ఏం చెప్పాలనుకుంటున్నారో అదే ఆ వాక్యం. దాంట్లో పోల్చే మాట ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ మాటే గ్రాఫ్‌ను చెబుతుంది.

"దేవరకొండ వైపు పత్తి ఎక్కువ, మిర్యాలగూడ వైపు వరి ఎక్కువ" అని రాశారనుకోండి. అది ఎక్కువ తక్కువల మాట కాబట్టి కమ్మీ చిత్రం (బార్ గ్రాఫ్) వేయాలి. "జూన్ నుంచి అక్టోబరు దాకా నీళ్లు పెరుగుతూ వచ్చాయి" అంటే కాలం నడుస్తోంది, అక్కడ గీత గ్రాఫ్ కావాలి. "నూరు రూపాయల ఖర్చులో నలభై కూలీలకే పోతోంది" అంటే మొత్తంలో వాటా, దానికి పై చార్ట్ (వృత్తాన్ని ముక్కలుగా కోసిన బొమ్మ) గానీ ముక్కలు చేసిన ఒకే కమ్మీ గానీ సరిపోతుంది. "చాలామందికి నలభై, యాభై మధ్యనే మార్కులు వచ్చాయి" అన్నప్పుడు అంకెలు ఎలా పరుచుకున్నాయో చెబుతున్నారు కాబట్టి సోపాన చిత్రం (హిస్టోగ్రామ్). "బోరు లోతు పెరిగేకొద్దీ" అని మొదలైతే రెండు కొలతల సంబంధం, చుక్కల గ్రాఫ్. "ఎక్కడెక్కడ" అన్న మాట వస్తే మ్యాపు.

ఒకే పట్టికతో రెండు వాక్యాలు కుదిరితే రెండు గ్రాఫులు వేయండి. రెండూ ఒకే బొమ్మలో ఇరికిస్తే చూసేవాళ్లకు ఒక్కటీ అందదు. వాక్యమే కుదరడం లేదంటే ఇంకాసేపు పట్టికతో కూర్చోవాలి. ఎక్సెల్‌లో ఉన్న చార్టులన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూసి బాగున్నది ఎంచుకుంటామనే పిల్లలు ప్రతి ఏడూ కనిపిస్తారు. అలా ఎంచుకున్నది కంటికి బాగుంటుంది, కానీ ఏం చెబుతోందని అడిగితే జవాబు రాదు.

కమ్మీ చిత్రం, సోపాన చిత్రం రెండూ నిలువు దిమ్మెలే కదా. తేడా ఏమిటి?

దిమ్మెల వరుస మార్చి చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది.

ఊరి నుంచి వలస పోయినవాళ్లు ఎక్కడికి పోయారో లెక్క తీశారనుకుందాం: ముంబై, పుణె, హైదరాబాద్. హైదరాబాద్‌ను ముందుకు జరిపినా అర్థం చెడదు. అవి విడివిడి పేర్లు కాబట్టి కమ్మీల మధ్య ఖాళీ వదులుతాం. అదే మార్కుల తరగతులు 30–40, 40–50, 50–60 అయితే 50–60ని తెచ్చి 30–40 పక్కన పెట్టలేం. ఒకటి ఆగిన చోటే ఇంకోటి మొదలవుతుంది కాబట్టి దిమ్మెలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. సోపానం అంటే మెట్టు. మెట్ల మధ్య ఖాళీ ఉండదని చెబితే పిల్లలు ఇక మరచిపోరు.

కమ్మీ చిత్రంలో రెండు పనులు చేస్తే బొమ్మ సగం బాగుపడుతుంది. పెద్దది ముందు, చిన్నది తర్వాత వచ్చేలా పేర్చండి, అక్షరాల వరుసలో కాదు. పేర్లు పొడుగ్గా ఉంటే కమ్మీలను పడుకోబెట్టండి. "జోగులాంబ గద్వాల", "యాదాద్రి భువనగిరి" లాంటి పేర్లను కింద ఏటవాలుగా రాస్తే చదివేవాళ్లు మెడ వంచాల్సి వస్తుంది. అడ్డంగా పెడితే పేరు హాయిగా ఒక వరుసలో పడుతుంది.

సోపాన చిత్రంలో అసలు పొరపాటు వేరే చోట జరుగుతుంది. అక్కడ ఎత్తు కాదు, వైశాల్యం మాట్లాడుతుంది. తరగతుల వెడల్పులు సమానంగా ఉన్నంతకాలం ఈ తేడా బయటపడదు. భూమి లెక్కలు తీసుకున్నప్పుడు బయటపడుతుంది. రెండున్నర ఎకరాల లోపు ఉన్నవాళ్లు సన్నకారు రైతులు, రెండున్నర నుంచి ఐదు వరకు చిన్నకారు. ఆ పైన సర్కారు లెక్కల్లో తరగతులు ఐదు నుంచి పది, పది నుంచి ఇరవై అయిదు ఎకరాలు అంటూ వెడల్పు అవుతూ పోతాయి. ఒక ఊళ్లో ఈ నాలుగు తరగతుల్లో వరుసగా 120, 60, 40, 15 మంది ఉన్నారనుకుందాం. ఆ అంకెలే ఎత్తులుగా గీస్తే, ఆఖరి తరగతి దిమ్మె మొదటిదానికి ఆరు రెట్లు వెడల్పు కాబట్టి పొట్టిదైనా చాలా చోటు ఆక్రమించి, పెద్ద రైతులు ఉన్నదానికంటే చాలా ఎక్కువమంది ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే పౌనఃపున్యాన్ని, అంటే ఆ తరగతిలో ఉన్నవాళ్ల సంఖ్యను, అన్నిటికంటే చిన్న వెడల్పుతో గుణించి, ఆ తరగతి వెడల్పుతో భాగించాలి. మూడో తరగతికి 40ని రెండున్నరతో గుణించి ఐదుతో భాగిస్తే 20. నాలుగోదానికి 15ని రెండున్నరతో గుణించి పదిహేనుతో భాగిస్తే రెండున్నర. ఇప్పుడు ఎత్తులు 120, 60, 20, 2.5. ఊరు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది: సన్నకారు రైతుల ఊరు.

తరగతి అంతరం (వెడల్పు) ఎంత తీసుకోవాలి?

మరీ పెద్దదైతే అన్నీ రెండు మూడు దిమ్మెల్లో మునిగిపోతాయి, మరీ చిన్నదైతే పళ్లు ఊడిన దువ్వెనలా ఉంటుంది. రెండు మూడు వెడల్పులతో గీసి చూడటం తప్ప దీనికి మంత్రం లేదు. కానీ ఒకటి మాత్రం పట్టించుకోండి: మీ లెక్కలో ఏదైనా గీటు ఉంటే అది తరగతి హద్దు దగ్గరే పడాలి. పదో తరగతిలో పాస్ మార్కు 35. తరగతి 30–40 పెడితే ఫెయిలైన 34, పాసైన 36 ఒకే దిమ్మెలో కలిసిపోతాయి. వెడల్పు 5 పెట్టండి. 30–35 ఒక మెట్టు, 35–40 ఇంకో మెట్టు అవుతుంది. సరిగ్గా 35 వచ్చినవాళ్లను రెండో మెట్టులో లెక్కపెట్టండి. గీటు దగ్గర ఎంతమంది ఆగిపోయారో అప్పుడు కనిపిస్తుంది. టీచరుకు రేపటి నుంచి ఎవరి పక్కన కూర్చోవాలో చెప్పేది ఆ ఒక్క మెట్టే.

పై చార్ట్ వేయొద్దని ఎందుకంటారు?

వేయొద్దని నేను అనను. చాలా కొద్ది సందర్భాల్లోనే పనికొస్తుందని అంటాను. స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో గీతలనూ కమ్మీలనూ, 1801లో ఈ వృత్తాన్నీ అచ్చు వేశాడు. అప్పటి నుంచీ అది జనానికి ఇష్టమైన బొమ్మే. చిక్కంతా మన కంటితోనే. 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషులతో పరీక్షలు చేసి చూశారు. ఒకే స్కేలు మీద ఉన్న చోట్లను పోల్చడంలో మన కన్ను బాగా పనిచేస్తుంది, కోణాలను పోల్చడంలో అంతకంటే ఎక్కువ తప్పుతుంది. 22 శాతం ముక్క, 25 శాతం ముక్క వృత్తంలో అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. అదే పక్కపక్కన కమ్మీలుగా నిలబెడితే ఏది పొడుగో చిన్నపిల్ల కూడా చెబుతుంది.

మరి ఎప్పుడు వేయాలి? ముక్కలు నాలుగైదు మించకూడదు, అన్నీ కలిస్తే ఒక మొత్తం కావాలి, ఒక ముక్క సగమో పావో ఉందని చెప్పడమే మీ వాక్యం అయి ఉండాలి. ఎకరం పత్తికి ముప్పై వేలు ఖర్చయిందనుకుందాం: కూలీలకు 12,000, ఎరువులకు 7,500, పురుగు మందులకు 4,500, దుక్కికి 4,000, విత్తనాలకు 2,000. ప్రతి ఖర్చునూ మొత్తంతో భాగించి 360తో గుణిస్తే కోణాలు వరుసగా 144, 90, 54, 48, 24 డిగ్రీలు. కూడితే సరిగ్గా 360 రావాలి, రాకపోతే ఎక్కడో జారిందని. ఎరువులు పావు వంతని లంబకోణం చూడగానే తెలుస్తుంది. ఇలాంటి చోట పై చార్ట్ బాగుంటుంది.

ఒక ప్రాజెక్టులో చూసిన తప్పు చెబుతాను, ఎందుకంటే అది మళ్లీ మళ్లీ వస్తోంది. "మీ ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడివి?" అని అడిగి, ఒకరు ఎన్ని జవాబులైనా చెప్పొచ్చన్నారు. నల్లా అని కొందరు, క్యాన్ అని కొందరు, బోరు అని కొందరు, రెండూ అని ఇంకొందరు చెప్పారు. శాతాలన్నీ కూడితే నూరు దాటింది. దాన్ని పై చార్ట్‌లో వేస్తే కంప్యూటర్ ఏమీ అనకుండా అన్నిటినీ కుదించి గుండ్రంగా సర్దేసింది, ప్రతి ముక్కా తప్పే అయ్యింది. ఒక్క మనిషి రెండు చోట్ల లెక్కలోకి వచ్చే ప్రశ్నకు పై చార్ట్ ఎప్పుడూ వేయకూడదు. కమ్మీలే వేయండి.

గ్రాఫ్ నిలువు స్కేలు సున్నా నుంచే మొదలవ్వాలా?

కమ్మీలైతే తప్పకుండా సున్నా నుంచే. కమ్మీ పొడవే దాని విలువ. కింద కోసేస్తే ఉన్నదానికంటే తేడా ఎక్కువగా కనిపిస్తుంది. గీత గ్రాఫ్‌కు ఆ షరతు లేదు, అక్కడ చూసేది ఎగుడుదిగుళ్లు.

నాగార్జునసాగర్ నీటిమట్టం దీనికి మంచి ఉదాహరణ, కాస్త ఎక్కువసేపే చెబుతాను. పూర్తి మట్టం 590 అడుగులు. కనీస మట్టం 510 అడుగులు. ఏడాదంతా కథ ఈ ఎనభై అడుగుల మధ్యే నడుస్తుంది. స్కేలును సున్నా నుంచి పెడితే గీత పైన ఎక్కడో చదునుగా కనిపిస్తుంది, వరదా తెలియదు, కరువూ తెలియదు. 500 నుంచి 600 వరకు పెట్టి, 590 దగ్గర ఒక సన్నటి అడ్డగీత గీయండి. గేట్లు ఎత్తే రోజు ఎంత దగ్గర్లో ఉందో ఆ గీత చూపుతుంది.

ఇక ఇవే అంకెలను కమ్మీలుగా వేస్తే ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంది. 510ని 590తో పోలిస్తే 86 శాతం. కమ్మీ చూసిన రైతు "ఇంకా డ్యాం నిండా నీళ్లున్నాయి" అనుకుంటాడు. కానీ జలాశయం గిన్నెలాంటిది, పైకి పోయేకొద్దీ వెడల్పు అవుతుంది. 590 అడుగుల దగ్గర సుమారు 312 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగుల నీళ్లు) ఉంటే, 510 దగ్గర ఉండేవి సుమారు 131 టీఎంసీలే. అంటే 42 శాతం. అడుగుల కమ్మీ 86 అంటోంది, నీళ్ల లెక్క 42 అంటోంది. పైగా ఆ 42 కూడా కనీస మట్టం కింద ఉన్న నీళ్లు, మామూలుగా కాల్వలకు లెక్కపెట్టుకునేవి కావు. అందుకే ఏ గ్రాఫ్ అని అడిగే ముందు ఏ కొలత అని అడగాలి. "పంటకు నీళ్లు ఎన్ని ఉన్నాయి" అనేది మీ వాక్యమైతే టీఎంసీలు తీసుకోండి, కనీస మట్టం దగ్గరి నీళ్లు తీసేసి మిగిలినవి చూపించండి. "మట్టం ఎలా పెరుగుతోంది" అనేది వాక్యమైతే అడుగులు సరిపోతాయి.

రెండు మూడేళ్లను పోల్చాలంటే ఒకే పొడవాటి గీత లాగకండి. జలసంవత్సరం జూన్ ఒకటిన మొదలవుతుంది. అడ్డంగా జూన్ నుంచి మే దాకా నెలలు పెట్టి, ఒక్కో ఏడాదికి ఒక్కో గీత వేయండి. ఏ ఏడు వరద ముందొచ్చిందో, ఏ ఏడు ఆగస్టు దాటినా రాలేదో ఒకే చోట కనిపిస్తుంది. ఏవైనా రోజుల రీడింగులు లేకపోతే అక్కడ గీత తెంపేయండి. లేని అంకెను గీతతో కలిపితే, ఉన్నట్టు చెప్పడమే అవుతుంది.

పాత మహబూబ్‌నగర్ లెక్కలను ఇప్పటి లెక్కలతో ఒకే గీతలో చూపొచ్చా?

నేరుగా చూపకూడదు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. 2011 జనగణనలో ఉమ్మడి నల్లగొండ జనాభా సుమారు 34.9 లక్షలు. అదే జనగణన ప్రకారం ఇప్పటి హద్దుల్లో ఉన్న నల్లగొండ జనాభా సుమారు 16 లక్షలు. ఒక్క మనిషీ ఎటూ పోలేదు, గీత మాత్రం సగానికి పైగా పడిపోతుంది. వరి ధాన్యం, బడుల సంఖ్య, బోర్ల సంఖ్య, దేనికైనా ఇదే జరుగుతుంది. "2016 తర్వాత నల్లగొండలో సాగు సగానికి తగ్గింది" అని ఒకరు రాసుకొస్తే, ఆ వాక్యం అచ్చులోకి పోకుండా ఆపడానికి ఒక సాయంత్రం పట్టింది.

దారులు రెండున్నాయి. ఓపిక ఉంటే మండలాల వారీ లెక్కలు తెచ్చి, పాత ఏళ్లకు కూడా ఇప్పటి హద్దుల ప్రకారం కూడుకోండి. లేదా కొత్త జిల్లాలను కలిపి పాత ఉమ్మడి జిల్లాగా చూపండి. మహబూబ్‌నగర్ విషయంలో ఈ రెండో దారిలో జాగ్రత్త కావాలి. షాద్‌నగర్, ఆమనగల్లు వైపు మండలాలు రంగారెడ్డికి, కొడంగల్ వైపు మండలాలు వికారాబాద్‌కు పోయాయి. ఐదు కొత్త జిల్లాలు కలిపినంత మాత్రాన పాత పాలమూరు మొత్తం తిరిగి రాదు. రెండూ కుదరకపోతే 2016 దగ్గర నిలువుగా చుక్కల గీత గీసి, "జిల్లాల విభజన" అని రాసి, గీతను అక్కడ తెంపి మళ్లీ మొదలుపెట్టండి.

ఆడవాళ్ల, మగవాళ్ల లెక్కలు పక్కపక్కన ఎలా చూపాలి?

జంట కమ్మీలతో. అయితే ఏది దేని పక్కన నిలబడుతుందో మీరే తేల్చుకోవాలి.

2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో మగవాళ్ల అక్షరాస్యత సుమారు 65 శాతం, ఆడవాళ్లది 45 శాతం. ఉమ్మడి నల్లగొండలో మగవాళ్లది 74, ఆడవాళ్లది 54. జిల్లా వారీగా జంటలు కడితే, ప్రతి జంటలో ఆడ మగ తేడా కళ్ల ముందు నిలుస్తుంది. రెండు జిల్లాల్లోనూ ఆ తేడా ఇరవై పాయింట్లే. ఆడవాళ్లను ఒక జంట, మగవాళ్లను ఒక జంట కడితే కనిపించేది వేరు: పాలమూరు నల్లగొండ కంటే తొమ్మిది పాయింట్లు వెనకబడి ఉంది. అంకెలు అవే నాలుగు, జంట మారితే మాట మారింది. పక్కపక్కన ఉన్న కమ్మీలనే కన్ను పోలుస్తుంది కాబట్టి, ఏ తేడా చెప్పాలో ఆ రెండింటినే పక్కపక్కన నిలబెట్టండి.

సగటు చెబితే సరిపోదా? అన్ని అంకెలూ ఎందుకు చూపాలి?

ఈ ప్రశ్న నన్ను ఎవరైనా నల్లగొండలో అడిగితే నేను ఫ్లోరైడ్ గురించే చెబుతాను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పళ్ల మీద గోధుమ మరకలు, వంగిన ఎముకలు చూస్తూ పెరిగినవాళ్లం. నీటిలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరే ఉంది. మన జిల్లా పేరు అలా పుస్తకాలకెక్కింది. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశ ప్రమాణంలో 1.0 ఉండాల్సిన హద్దు, వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే 1.5 వరకు ఒప్పుకుంటారు.

ఒక ఊళ్లో పది బోర్ల నీళ్లు పరీక్షిస్తే ఇలా వచ్చాయనుకుందాం: 0.6, 0.7, 0.8, 0.8, 0.9, 1.0, 1.1, 1.2, 2.9, 4.0. కూడితే 14, సగటు 1.4. ఒక్క కమ్మీ గీసి, పక్కన 1.5 గీత పెడితే కమ్మీ గీత కిందనే ఉంటుంది. రిపోర్టులో "సగటు హద్దు లోపలే ఉంది" అని రాస్తారు. ఆ ఆఖరి రెండు బోర్ల దగ్గర బిందెలు నింపుకునే ఇళ్లు ఆ సగటులో మాయమయ్యాయి. సగటు నీళ్లు ఏ ఇల్లూ తాగదు, ఎవరి బోరు వాళ్లు తాగుతారు.

ఇక్కడ కావాల్సింది చుక్కల వరుస. అడ్డంగా స్కేలు గీసి, ఒక్కో బోరుకు ఒక్కో చుక్క పెట్టి, 1.5 దగ్గర నిలువు గీత గీయండి. ఎనిమిది చుక్కలు ఎడమ వైపు గుంపుగా ఉంటాయి, రెండు గీత దాటి దూరంగా నిలబడతాయి. వాటి పక్కన బోరు ఎక్కడుందో రాయండి. గ్రామసభలో ఎవరూ వివరించకుండానే అర్థమవుతుంది. ఇదే అంకెల మధ్యగతం, అంటే వరుసలో పేర్చితే నడిమికి వచ్చే విలువ, 0.95. సగటు, మధ్యగతం ఇంత దూరంగా ఉంటే ఎక్కడో కొన్ని అంకెలు లాగుతున్నాయని గుర్తు.

బోర్లు వందల్లో ఉంటే సోపాన చిత్రం వేయండి, 1.5 తరగతి హద్దు దగ్గర పడేలా చూసుకోండి. పది మండలాలను పోల్చాలంటే బాక్స్ ప్లాట్ బాగుంటుంది. కనిష్ఠం, కింది పావు, మధ్యగతం, పై పావు, గరిష్ఠం అనే ఐదు అంకెలను ఒక పెట్టెలా, రెండు మీసాలతో గీస్తారు. బాగా దూరంగా పడ్డ అంకెలను విడిగా చుక్కలు పెడతారు. అమెరికన్ గణాంకవేత్త జాన్ టూకీ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. కాలేజీలో, ఆఫీసులో చూపడానికి అది సరే. ఊళ్లో చూపడానికి మాత్రం చుక్కలే నా ఎంపిక. ప్రతి చుక్కా ఒక బోరని చెప్పగానే అమ్మలు తమ బోరు ఏదో వెతుక్కుంటారు.

రెండు కొలతల మధ్య సంబంధం ఉందో లేదో ఎలా చూపాలి?

చుక్కల గ్రాఫ్‌తోనే, కానీ ఈసారి రెండు అక్షాలు ఉంటాయి. దేనివల్ల అనుకుంటున్నారో దాన్ని అడ్డంగా, దేనికి జరుగుతోందో దాన్ని నిలువుగా పెట్టండి. బోరు లోతు అడ్డంగా, ఫ్లోరైడ్ నిలువుగా పెట్టి ఒక్కో బోరుకు ఒక చుక్క పెట్టాలి. చుక్కలు ఎడమ కింద నుంచి కుడి పైకి ఎక్కితే కలిసి పెరుగుతున్నాయి. చల్లినట్టు పడితే సంబంధం కనిపించడం లేదు.

సహసంబంధ గుణకం (రెండు కొలతలు ఎంతగా కలిసి నడుస్తున్నాయో ఒకే అంకెలో చెప్పేది) ఒక్కటే లెక్కకట్టి బొమ్మ గీయకుండా వదిలేయకండి. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ నాలుగు చిన్న పట్టికలు తయారుచేశాడు. నాలుగింటిలోనూ సగటులు దాదాపు అవే, సహసంబంధమూ దాదాపు అదే. గీసి చూస్తే మాత్రం ఒకటి మామూలు వాలు, ఒకటి వంపు, ఒకటి సరళరేఖ కానీ ఒక్క చుక్క గీతకు దూరంగా పడింది, ఇంకొకటి ఒక్క చుక్క మీదే ఆధారపడింది.

కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని రాయొద్దు. ఏప్రిల్‌లో పుచ్చకాయల అమ్మకం పెరుగుతుంది, బోర్లు ఎండిపోవడమూ పెరుగుతుంది. రెండింటి వెనకా ఉన్నది ఎండ. బోరు లోతు, ఫ్లోరైడ్ విషయంలోనూ మధ్యలో రాయి ఉంది. మన వైపు గ్రానైట్‌లో ఉన్న ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది కాబట్టి ఏ రాతిలో తవ్వారో కూడా చూడాలి. చుక్కలకు రాతి రకాన్ని బట్టి వేరువేరు గుర్తులు పెడితే ఆ సంగతి కూడా బొమ్మలోకి వస్తుంది.

ఓజివ్ వక్రం పరీక్షకు తప్ప ఎందుకైనా పనికొస్తుందా?

"ఇంత లోపు ఎంతమంది?" అనే ప్రశ్నకు. రెండున్నర ఎకరాల లోపు రైతులు ఎందరు, ఐదు లోపు ఎందరు అని అడిగినప్పుడు సంచిత పౌనఃపున్యాలు (ఒక్కో తరగతి వరకు కూడుకుంటూ వచ్చిన సంఖ్యలు) గీసిన ఓజివ్ నేరుగా జవాబిస్తుంది. పైన చెప్పిన ఊళ్లో మొత్తం 235 మంది. సగం, అంటే 117.5 దగ్గర నుంచి అడ్డంగా పోయి వక్రాన్ని తాకి కిందికి దిగితే మధ్యగతం వస్తుంది. అది రెండున్నర ఎకరాలకు కాస్త లోపలే పడుతుంది. ఊళ్లో సగం మందికి అంతకంటే తక్కువ భూమే ఉందన్నమాట. పిల్లలు ఓజివ్‌ను మార్కుల కోసం బట్టీ పడతారు, ఇలా తమ ఊరి లెక్కతో ఒక్కసారి గీస్తే చాలు.

మ్యాపు మీద రంగులు వేసి చూపొచ్చా?

"ఎక్కడ" అనేది మీ ప్రశ్న అయితే వేయండి. కానీ మ్యాపులో పెద్ద మండలం పెద్దగా కనిపిస్తుంది, జనం ఉన్నా లేకపోయినా. నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ వైపు నల్లమల అడవి చాలా దూరం పరుచుకుని ఉంది, ఊళ్లు కొద్దిగా ఉంటాయి. అక్కడ ముదురు రంగు పడితే జిల్లా అంతా అదే సమస్య ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే రంగులకు మొత్తం సంఖ్యలు వాడొద్దు. వెయ్యి మందికి ఎందరు, నూరు ఇళ్లకు ఎన్ని అనే రేట్లు వాడండి.

బోర్ల లాంటి వాటికి మండలమంతా ఒకే రంగు పూయడం కూడా సగటు చెప్పడం లాంటిదే. చుక్కలు పెట్టండి. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లను మ్యాపు మీద గుర్తుపెట్టాడు. వాటిలో చాలా వరకు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ ముసురుకున్నాయి.

చిన్న తరగతులకు బొమ్మలతో గ్రాఫ్ వేయొచ్చా?

పట చిత్రం చాలా బాగుంటుంది. ఒక బొమ్మ అంటే ఎంతో పైన రాయండి, ఎక్కువైతే బొమ్మల సంఖ్య పెంచండి. బొమ్మ సైజు పెంచొద్దు. బత్తాయి బొమ్మను రెండింతల ఎత్తు చేస్తే వెడల్పూ రెండింతలవుతుంది, చూసే పిల్లకు నాలుగింతలు కనిపిస్తుంది.

త్రీడీ చార్టులు, రంగులు?

త్రీడీ వద్దు. ముందున్న ముక్క పెద్దగా, వెనకున్నది చిన్నగా కనిపిస్తుంది, దానివల్ల వచ్చే లాభం ఒక్కటీ లేదు. రంగుల్లో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వాడకండి, ఆ రెండింటి తేడా తెలియని మగపిల్లలు చాలా బడుల్లో ఒకరిద్దరు ఉంటారు. పైగా మన రిపోర్టులు చివరికి జిరాక్సే అవుతాయి. జిరాక్స్ తీశాక కూడా తేడా తెలుస్తుందో లేదో ముందే ఒక కాపీ తీసి చూడండి. ముఖ్యమైన ఒక్క కమ్మీకే ముదురు రంగు, మిగతావి బూడిద రంగు, ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి.

ఎడమ వైపు ఒక స్కేలు, కుడి వైపు ఇంకో స్కేలు పెట్టి రెండు గీతలు వేయొచ్చా?

నేనైతే వేయను. వర్షం మిల్లీమీటర్లలో, పల్లీ దిగుబడి క్వింటాళ్లలో ఉన్నప్పుడు స్కేళ్లను అటూ ఇటూ జరిపితే రెండు గీతలనూ కలపొచ్చు, విడదీయొచ్చు, ఏది కావాలంటే అది చూపొచ్చు. ఒకదాని కింద ఒకటి రెండు గ్రాఫులు పెట్టి, కింద సంవత్సరాలు ఒకే వరుసలో ఉంచండి.

మూడు నాలుగు అంకెలే ఉంటే?

గ్రాఫ్ అక్కర్లేదు. వాక్యంలోనే రాసేయండి, లేదా చిన్న పట్టిక పెట్టండి. కచ్చితమైన అంకె కావాల్సిన చోట, ఉదాహరణకు ఎవరికి ఎంత డబ్బు చేరిందో చెప్పేటప్పుడు, ఎన్ని అంకెలున్నా పట్టికే మేలు.

సైన్స్ ఫేర్‌లో చార్ట్ పేపర్ మీద చేత్తో గీస్తున్నాం. ఏం రాయాలి?

పైన శీర్షికగా "బోర్ల ఫ్లోరైడ్ గ్రాఫ్" అని కాదు, మొదట కాగితం మీద రాసుకున్న ఆ వాక్యమే రాయండి: "మా ఊళ్లో పది బోర్లలో రెండు హద్దు దాటాయి." రెండు అక్షాల దగ్గర పేరు, యూనిటు రాయండి. నీళ్లు ఏ నెలలో తీశారో, ఎవరు పరీక్షించారో కింద చిన్నగా పెట్టండి, ఎందుకంటే ఎండాకాలం లెక్క, వానాకాలం లెక్క ఒకటి కావు. పెద్ద సంఖ్యలు లక్షల్లో రాయండి, కామాలు మన పద్ధతిలో 34,88,809 అని పెట్టండి, కంప్యూటర్ మూడేసి అంకెలకు కామా పెడితే సెట్టింగు మార్చుకోండి. గీతలు ముందు పెన్సిల్‌తో గీసి, పట్టిక పక్కన పెట్టుకుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు ప్రతి చుక్కనూ సరిచూసి, ఆ తర్వాతే స్కెచ్ పెన్ను పట్టండి.